హీరో ముఖం వెనక యురేనస్

"కీలో ఉందా?" అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. పొద్దున్నే వంటింటి గడప దగ్గర కూర్చుని గోంగూర ఒలుస్తున్నదాన్ని, చేతిలో కాడ చేతిలోనే ఉండిపోయింది.

మా ఇంట్లో ఒక గది కిరాయికిచ్చాను. అందులో ఉండే అమ్మాయిది ఏదో జిల్లా. ఉద్యోగ పరీక్షలకు అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటోంది. చిక్కడపల్లిలో మా గల్లీ నుంచి నడిచి పోవచ్చని నా దగ్గర చేరింది. తెల్లవారకుండానే స్టడీ హాలుకు పోయి, కుర్చీ మీద సంచీ పెట్టి సీటు ఖాయం చేసుకుని, ఇంటికొచ్చి నాలుగు ఇడ్లీలు నోట్లో వేసుకుని మళ్లీ పరిగెడుతుంది. ఆ పిల్ల నోట బిట్లూ, వాటి జవాబుల కీ తప్ప మాటలు వినపడవు. రాజధానులు, నదులు, రాజ్యాంగ సవరణలు, ఏ విటమిన్ లేకపోతే ఏ జబ్బు. అలాంటిది ఇవాళ ఫోను పట్టుకుని నా ముందు చతికిలబడింది.

"ఆంటీ, గిది జర చూడుండ్రి. నెప్ట్యూన్ కంటె గూడ దూరంల ఒక బుడ్డ గ్రహం ఉన్నదట. పేరైతె నోరు తిరుగుతలేదు. దానికి గూడ వలయం ఉన్నదట! అంత దూరంల ఉన్న దుమ్ము ఎప్పుడో ముద్దయ్యి చందమామ కావాల్నట, కాలేదట. ఎందుకో ఎవ్వలికీ సమజైతలేదట!"

నాలుగు నెలలుగా చూస్తున్నాను, ఆ పిల్ల కళ్లు అంతగా వెలగడం ఎప్పుడూ చూడలేదు.

"వలయాలున్న గ్రహాలెన్ని?" అన్నాను.

"నాలుగు, ఆంటీ. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్."

"మరి ఇది? కీలో ఉందా?"

"... లేదాంటీ."

"లేనప్పుడు ఎందుకమ్మా? పరీక్ష దగ్గరపడుతుంటే ఈ సొదంతా ఎందుకు?"

"ఏం లేదాంటీ. ఊకెనే," అని లేచింది. ఫోను దుపట్టాకు తుడుచుకుంటూ తన గదిలోకి పోయింది. కాసేపటికి లోపలినుంచి బిట్లు మొదలయ్యాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. నా మీద. అచ్చం ఈ మాటే, ఇదే విషయం మీద, నాకు పదకొండేళ్లప్పుడు ఒకరు నాతో అన్నారు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా దారి పొడుగునా అందరూ చూశారు.

అప్పుడు మేముండేది ఇదే చిక్కడపల్లిలో ఒక పెంకుటింట్లో. ముందు వాటాలో ఇంటివాళ్లు, వెనక రెండు గదుల్లో మేము. మా నాన్న కోస్తా జిల్లా నుంచి ఆఫీసు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాడు. ఇంటివాళ్లు తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్లే. మధ్యలో వాకిలి, ఆ వాకిట్లో ఒక నల్లా. ఆ నల్లా దగ్గర మా అమ్మ భాషా వాళ్ల భాషా కలిసిపోయి, చివరికి నేను రెండిటికీ చెందని తెలుగు నేర్చుకున్నాను.

మా ఇంటికి పేపరు రాదు. నాన్న ఆఫీసులో చదువుకుని వచ్చేవాడు. వచ్చి చెప్పేవన్నీ బదిలీలు, కరువు భత్యం, మంత్రులు. లోకంలో శాస్త్రజ్ఞులనేవాళ్లు ఉన్నారనీ, వాళ్లు రోజూ ఏదో ఒకటి కనిపెడుతుంటారనీ నాకు తెలిసింది మిర్చి బజ్జీల వల్ల.

గల్లీ మొదట్లో సాయంత్రం నాలుగైతే బజ్జీల బండి వచ్చేది. శనగపిండి, వాము, మరిగిన నూనె వాసన మా వాకిట్లోకి కొట్టేది. బండివాడు పాత పేపర్లు చారెడు చారెడుగా చింపి మేకుకు గుచ్చేవాడు. తక్కిన పిల్లలు పెద్ద బజ్జీ కావాలని పేచీ పెడితే, నేను కాగితం కోసం పేచీ పెట్టేదాన్ని.

"అందులో వద్దు. కింద ఉంది చూడు, బొమ్మ ఉన్నది, అందులో కట్టు."

"బిడ్డా, నువ్వు బజ్జి తింటవా, పేపరు తింటవా?" అనేవాడు. కానీ వెతికి, అడిగిన కాగితమే ఇచ్చేవాడు.

కాబట్టి నాకు అన్నీ సగం సగం తెలుసు. సముద్రం అడుగున, ఎండ పొడ తగలని చోట, సలసల కాగే నీటి ఊటల పక్కన ప్రాణులున్నాయని తెలుసు. అవి ఏం తిని బతుకుతాయో తెలియదు, అక్కడికి కాగితం చిరిగింది. ఆ సందేహం తీరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. కోడంత రాక్షసిబల్లి ఉండేదని తెలుసు. ఎక్కడ ఉండేదో ఇంకెవరి బజ్జీతోనో పోయింది. నూనెకు కాగితం పలచబడి వెనకవైపు అక్షరాలు ముందుకు తేలేవి. వాటిలోంచి ఇవతలి అక్షరాలను ఏరుకుని చదవాలి. ఎసట్లో బియ్యం వేశాక రాళ్లేరినట్టే. నాకు ఇప్పటికీ ఏ వార్తయినా చివరిదాకా ఉంటుందన్న నమ్మకం లేదు.

"ఏవే, ఆ జిడ్డు కాగితాలు పుస్తకాల్లో పెడతావా? చీమలు పడతాయి. మీ నాన్నగారు చూశారంటే వీపు చీరేస్తారు," అని అమ్మ అరిచేది. చీమలు పట్టేవి కూడాను. నా సామాన్యశాస్త్రం పుస్తకం ఏ పేజీ తీసినా వాము వాసన వేసేది.

యురేనస్ వార్త అలాగే దొరికింది. "యురేనస్‌కూ వలయాలు" అని పైన లావుపాటి అక్షరాలు, వాటి మీద పేపరు పేరూ తేదీ. కింద, గ్రహం ఒక నక్షత్రానికి అడ్డం రావడానికి కాస్త ముందే ఆ నక్షత్రం వెలుగు ఉన్నట్టుండి తగ్గి మళ్లీ వచ్చిందనీ, శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయారనీ... అంతే. చిరిగింది. వెనక్కి తిప్పితే ఏదో కొత్త సినిమా ప్రకటన. హీరో ఉంగరాల జుట్టూ, సగం నుదురూ ఉన్నాయి. ముఖం లేదు.

ఆ సగం కాగితం పట్టుకుని నేను ఎగిరెగిరి పడ్డాను. వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఇంటివాళ్ల అవ్వకు చెప్పాను. "అవ్వా, శనికే కాదు, ఇంకో గ్రహానికి కూడా వలయాలున్నాయట!"

"పొద్దుగూకంగ శని పేరు ఎత్తుతవేంది?" అని అవ్వ చాట పక్కన పెట్టింది. "వాడు ఒక్కడు చాలడా? ఇంకోడు గూడ ఎందుకు?"

ఆ వారమే బడిలో సైన్సు పోటీ. మా బడి నారాయణగూడలో. సైన్సు సారు ఒక్కరే ప్రశ్నలు తయారుచేసి, జవాబులు ఒక నోటుబుక్కులో రాసుకుని, ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని తిరిగేవారు. గెలిచినవాళ్లకు కప్పులూ కంచాలూ కాదు బహుమతి. ఊరి బయట గుట్ట మీద ఒక పెద్ద దుర్బీను ఉంది. అక్కడ సారుకు తెలిసినవాళ్లు ఉన్నారు. గెలిచిన పిల్లను సారే బస్సులో అక్కడికి తీసుకుపోయి శని వలయాలు చూపిస్తారు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించలేదు. శనిని చూడగలిగితే, పక్కకు తిప్పి యురేనస్‌ను కూడా చూపించమని అడగవచ్చు కదా అనుకున్నాను. దుర్బీనంటే మెడ తిప్పినంత సులువు అనుకునే వయసు.

చివరి ప్రశ్నకు వచ్చేసరికి నేనూ ఇంకో అమ్మాయీ సమానంగా ఉన్నాం. సారు నోటుబుక్కు తెరిచారు.

"వలయాలున్న ఏకైక గ్రహమేది?"

నేనే ముందు చెయ్యెత్తాను. "ఏకైక కాదు సార్. రెండు. శని, యురేనస్."

తరగతంతా నవ్వింది. సారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "ఏందమ్మా, మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. అవతలి అమ్మాయి "శని" అంది. సారు ఆమె పేరు ముందర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, నా వంక చూసి ఆగారు. ఆయన చెడ్డవారు కారు. సొంత ఖర్చుతో పట్టకం కొని తెచ్చి తరగతి గోడ మీద ఏడురంగులు పడేలా చేసిన మనిషి.

"ఎక్కడ చదివినవు?"

సంచీలోంచి కాగితం తీసి ఇచ్చాను. సారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నారు. వేళ్లకు జిడ్డంటింది. ఎవరో "బజ్జి సైన్సు సార్!" అని అరిచారు. ఆ పేరు నాకు పదో తరగతి దాకా ఉండిపోయింది.

"సగమే ఉన్నది గద. చివర్న అది తప్పని రాసిండేమో, ఎట్ల తెలుస్తది? సోమవారం దాకా టైమిస్త. మొత్తం వార్త పట్టుకరా. అందాక ఎవరు గెలిచిండ్రో చెప్ప."

నాకు శని, ఆదివారాలు రెండున్నాయి. ఏముంది, ఊళ్లో ఒక్క పేపరు దొరకదా అనుకున్నాను.

శనివారం ఒంటిపూట బడి అవగానే బండివాణ్ని పట్టుకున్నాను. మేకుకున్న కాగితాలన్నీ ఊడదీసి చూశాం. లేదు. "ఆ కట్ట నారాయణగూడ మార్కెట్ కాడి పాత పేపర్ల రద్దీ దుకాణంల తెచ్చిన," అన్నాడు. అక్కడికి పరిగెత్తాను. రద్దీ దుకాణం పెద్దాయన గోనెసంచీ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నేనడిగిన పేపరు రెండు ప్రతులు దొరికాయి. రెంటిలోనూ ఆ వార్త ఉండాల్సిన చోట కిటికీ ఉంది. బ్లేడుతో నీటుగా కోసిన కిటికీ.

"హీరో బొమ్మ వచ్చిన దినం ఏ పేపరూ సాబుతుగ రాదు, బేటా," అన్నాడాయన. "క్రాస్‌రోడ్ల కొత్త సినిమా పడ్డదంటే నా రద్దీకి అన్నీ తూట్లే."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. మా పేటకు కూతవేటు దూరంలో సినిమా హాళ్లు. కొత్త బొమ్మ విడుదలైన పొద్దున పేపర్లో హీరో ముఖం వస్తే, దాన్ని కోసి దాచుకోవడం ఇక్కడ పూజలాంటిది. మంగలి దుకాణం అద్దం పక్కన, రిక్షా టాపు లోపల, కిరాణా గల్లాపెట్టె మూత మీద, ఎక్కడ పడితే అక్కడ అతికించేవాళ్లు. ఇప్పుడు ఆ హీరో ముఖం వెనకే నా యురేనస్ ఉంది. ఊరంతా హీరోను కోసుకుంటూ నా గ్రహాన్ని కూడా కోసుకుపోయింది.

మా వీధి చివర ఒక పఠనమందిరం ఉండేది. అక్కడ పేపర్లు దారంతో కుట్టి ఉంచేవాళ్లు. చిన్నపిల్లలకు ప్రవేశం లేదన్నారు. గంట సేపు గుమ్మం దగ్గర నిలబడితే అక్కడి తాత జాలిపడి ఫైలు తెచ్చాడు. తిప్పి తిప్పి ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి, అక్కడా కిటికీయే. తాత కూడా ఆ కన్నంలోంచి నన్ను చూసి నిట్టూర్చాడు.

ఆదివారం పొద్దున మంగలి దుకాణంలో హీరో దొరికాడు. గోడ మీద, నవ్వుతూ. ఉంగరాల జుట్టు గుర్తుపట్టాను. గోరుతో ఒక మూల గీరి చూశాను. మైదా ముద్దతో, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి మరీ అతికించాడు మహానుభావుడు. గోడ పెచ్చు ఊడింది తప్ప కాగితం ఊడలేదు. "ఏయ్ పోరీ!" అని కత్తెరతో సహా వెంటపడ్డాడు. పారిపోయి వచ్చాను. ఆ రెండు రోజుల కోపం ఇప్పుడు తలుచుకున్నా పళ్లు కొరుకుతాను. వార్త ఉంది. ఊళ్లో వంద చోట్ల ఉంది. అన్నిచోట్లా గోడవైపు తిరిగి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఇంటివాళ్ల అమ్మాయి, అక్క.

అక్క ఇంటర్మీడియట్ చదివేది. నాకు జడ వేసేది, నేరేడుపళ్లు దాచిపెట్టి ఇచ్చేది. కలరా ఉండలు, స్నో వాసన కలిసి కొట్టే ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది తనకు. దాని మూత లోపల తన హీరో. ఎవరూ లేనప్పుడు మూతెత్తి, అతని నవ్వు చూస్తూ తల దువ్వుకునేది. తాజా బొమ్మ దొరికినప్పుడల్లా పాతదాని మీద కొత్తది అతికించేది. తాజాది ఏ బొమ్మో నాకు చూడక్కర్లేకుండానే తెలుసు.

మధ్యాహ్నం అక్క స్నేహితురాళ్లతో మ్యాట్నీకి పోయింది. అవ్వ వాకిట్లో కునుకుతోంది. నేను తడిబట్ట పట్టుకుని గదిలో దూరాను. ఆ గదిలో పైకప్పు పెంకుల మధ్య ఒక గాజు పెంకు ఉండేది. దాన్లోంచి వెలుగు సన్నగా దిగి సరిగ్గా పెట్టె మీద పడుతోంది. హీరో నుదుటి మీద తడిబట్ట ఒత్తి పట్టి, వంద లెక్కపెట్టి, మెల్లిగా లాగాను. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. ముక్కు దగ్గర కాగితం పర్రుమంది. ముక్కు ముక్కంతా తడికి నలిగి ముద్దైపోయి, పైదీ కిందదీ రెండు ముక్కలుగా నా చేతిలోకి వచ్చాయి. తిప్పి చూశాను. మైదా నిండా అంటుకున్న అక్షరాలు. గోరుతో గీరినకొద్దీ ముద్దతోపాటు అవీ లేచిపోతున్నాయి. చివరికి మూడుచోట్లే మాటలు మిగిలాయి. "ఐదుసార్లు" అని ఒకచోట. "దాటిన తర్వాత" అని ఇంకోచోట. "మళ్లీ" అని అడుగున.

నేను పెట్టె ముందు కూర్చుని బావురుమన్నాను. అదే సమయానికి అక్క వచ్చింది. టికెట్లు దొరక్క వెనక్కి వచ్చేసింది.

"ఓసి నీ చేతులిరగ! ఏం జేసినవే?" అని నా నెత్తిన ఒక్కటిచ్చింది. పెట్టె మూత చూసి తనూ ఏడుపు మొహం పెట్టింది. "ముక్కేదే? నా హీరోకు ముక్కు ఎటు పోయిందే?"

ఏడుస్తూనే అంతా చెప్పాను. పోటీ, సారు, సోమవారం, రద్దీ దుకాణం, మంగలి. అక్క వింటూ వింటూ కింద కూర్చుంది.

"పిచ్చిదానా. గింతేనా? నన్నడిగితె అయిపోవు గద. అతికించేముందు ఎన్కదిక్కు ఏమున్నదో నేను సదువుత. లేకపోతె మనసు ఊకోదు నాకు."

"మొత్తం చదివావా?"

"మొత్తం సదివిన. యురేనస్ ఒక చుక్క ముందరికెల్లి పోతదని ముందే తెలుసట. చుక్కను ఎంతసేపు కప్పుతదో చూద్దామని దుర్బీన్లు పెట్టి కూసున్నరట. గ్రహం ఇంక రానే రాలే, చుక్క వెలుగు గుప్పున తగ్గింది, మళ్ల వచ్చింది. గట్ల ఐదు సార్లు. తర్వాత గ్రహం వచ్చి మొత్తం కప్పింది. అది దాటినంక మళ్ల ఐదు సార్లు."

నాకు బోధపడలేదు. అక్క లేచి, నన్ను గాజు పెంకు కిందికి లాగి, తల పైకెత్తించింది.

"ఆ వెలుగే చుక్క. నువ్వు భూమి. నేను యురేనస్. రెప్ప కొట్టకుండ చూడు."

ఎడమ చెయ్యి వేళ్లు బార్లా చాచి, నా కళ్లకూ వెలుగుకూ మధ్యనుంచి మెల్లగా నడిపింది. నీడ, వెలుగు, నీడ, వెలుగు, ఐదుసార్లు. తర్వాత తన తల అడ్డం వచ్చింది. అంతా చీకటి. కొబ్బరినూనె, కనకాంబరాల వాసన. తల తప్పుకుంది. వెనకే కుడిచెయ్యి. మళ్లీ ఐదు నీడలు.

"చందమామ లాంటిదేదన్న అడ్డమొస్తే ఒక్కదిక్కే అయితుండె. రెండు దిక్కుల్ల సమానంగ అయ్యిందంటె ఏందన్నట్టు? చుట్టు తిరిగి ఉన్నదన్నట్టు."

"అయితే వలయాలను ఎవరూ చూడలేదా?"

"కండ్లతోని చూడలే. నీడలు లెక్కపెట్టిండ్రు," అంది అక్క.

చూడకుండా లెక్కపెట్టి తెలుసుకోవడం అనేది ఒకటుందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. గుట్ట మీది దుర్బీను నాకిక వచ్చేసినట్టే అనిపించింది.

సోమవారం అక్క కాలేజీ ఎగ్గొట్టి నాతో బడికి వచ్చింది. హీరో ముక్కలు పేపర్లో చుట్టి తెచ్చింది. సారు బల్ల ముందు నిలబడి, చదివినదంతా చెప్పి, "సార్, జర కిటికీ దిక్కు చూడుండ్రి," అని ఆయన ముందు కూడా రెండు చేతులూ ఆడించింది. పక్క బల్లల దగ్గర టీచర్లు టీ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. సారు కన్ను ఆర్పకుండా చూశారు.

"మంచిగున్నదమ్మా," అన్నారు. "నిజమే అయ్యుండొచ్చు."

మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

"అయితే నా కీల శని అని ఉన్నది. పుస్తకంల శని అని ఉన్నది. ఇది సిలబస్‌ల ఉన్నదా? లేదు. ఇయ్యాల దీన్ని ఒప్పుకుంటె రేపు ఇంకో పిల్ల ఇంకో కాగితం పట్టుకొస్తది. నేను ఎన్నని మార్చాలె?"

"సార్, ఆ గ్రహం సిలబస్ సదువుకొని తిరుగుతదా?" అంది అక్క.

టీచర్లు నవ్వారు. సారు నవ్వలేదు. నోటుబుక్కు తెరిచి, అవతలి అమ్మాయి పేరు ముందున్న చుక్కను దిద్ది టిక్కు చేశారు. అంతటితో అయిపోయింది. సగమున్నప్పుడు మొత్తం తెమ్మన్నారు. మొత్తం తెస్తే అది సిలబస్‌లో లేదన్నారు. తప్పని చెప్పి ఉంటే నేను ఊరుకునేదాన్ని. నిజమేనని ఒప్పుకుని కూడా కాదన్నారు, అదీ నా ఏడుపు. అక్క నన్ను నడిపించుకొస్తూ దారిలో గోలీసోడా తాగిద్దామని చూసింది. నేను సీసా కూడా ముట్టుకోలేదు.

గెలిచిన అమ్మాయి గుట్ట మీదికి పోయి వచ్చింది. శని బఠాణీ గింజంత ఉన్నాడంది. ఆ బఠాణీని నేను ఇంతవరకూ చూడలేదు. మొదట్లో ఎవరూ తీసుకుపోలేదు. తర్వాత పోగలిగి కూడా పంతానికి పోలేదు. అక్క మాత్రం హీరోను మళ్లీ అతికించుకుంది. మధ్యలో ముక్కు ఉండాల్సిన చోట కింది పొరలోని పాత బొమ్మ చెవి కనపడేది. ఎవరన్నా నవ్వితే "ముక్కు లేకున్నా మావోడే," అనేది.

ఇక నేనేమయ్యానో చెప్తే నవ్వుతారు. పోటీ పరీక్షల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో కీలు సరిచూసే ఉద్యోగంలో చేరాను. ముప్పై ఏళ్ల పైచిలుకు చేసింది అదే పని. అశోక్‌నగర్ పిల్లలు వల్లెవేసే ఏబీసీడీ జవాబుల్లో ఎన్నో నా చేతి టిక్కులే. ఈలోగా గురుడికీ వలయం ఉందని తేలింది. నెప్ట్యూన్‌కూ ఉందని తేలింది. "ఏకైక గ్రహమేది" అన్న పాత ప్రశ్నను ఎర్రకలంతో కొట్టేసి, "వలయాలున్న గ్రహాలెన్ని? నాలుగు" అని నేనే మార్చాను. ఆ రోజు అక్కకు ఫోను చేశాను. తను కవాడిగూడలో అత్తగారింట్లో ఉంది అప్పటికి.

"గెలిచినవు తియ్యి," అంది. "ఇంక నా హీరో ముక్కు తెచ్చియ్యి."

గెలిచానని నేనూ అనుకున్నాను. అక్కడే మోసపోయాను. ఒక కీ మీద కోపంతో ఇంకో కీ రాసి, దాని ముందు కాపలా కూర్చున్నానని ఇవాళ పొద్దున, గోంగూర ఒలుస్తూ తెలిసింది. సారు నోటుబుక్కు ఇన్నేళ్లూ నా చంకలోనే ఉంది.

పగలంతా ఏ పనీ సాగలేదు. గోంగూర మాడిపోయింది. సాయంత్రం ఆ అమ్మాయి స్టడీ హాలు నుంచి వచ్చి, సంచీ దించి, మంచినీళ్లు తాగేదాకా ఆగాను.

"పొద్దున చూపించావే, ఆ వార్త. ఏదీ, ఇంకోసారి చూపించు."

"డిలీట్ కొట్టిన ఆంటీ. మీరు అన్నది కరెక్టే. కీల లేదు గద."

ఆ మాటకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. "కీ సంగతి నాకొదిలెయ్యి. వెతుకు," అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది. పిల్ల బెదిరి ఫోను తీసింది. చాలాసేపు వేలితో తోసి తోసి, "దొరికిందాంటీ," అంది. తర్వాత మొహం ముడుచుకుంది.

"సగమే వస్తున్నది. మిగిలింది చదవాలంటె చందా కట్టాల్నట."

"ఎందాకా వచ్చింది?"

"'ఒక నక్షత్రం ఈ చిన్న గ్రహం వెనుకకు వెళ్లే సమయంలో శాస్త్రజ్ఞులు...' గంతే. అక్కడికి కోసేసిండ్రు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లయినా నాకు సగం కాగితమే. కానీ ఈసారి చిరిగిపోయిన సగం నా దగ్గరే ఉంది. ట్రంకుపెట్టె ముందు, కొబ్బరినూనె వాసనలో, ఎప్పుడో నా చేతికి వచ్చింది.

"ఇట్లా కూర్చో. ఆ బల్బు వైపు చూడు. అదే నక్షత్రం. నువ్వు భూమివి. నేను నీ నోరు తిరగని గ్రహాన్ని."

పిల్ల విచిత్రంగా చూస్తూనే కూర్చుంది. నేను ఎడమచెయ్యి వేళ్లు బార్లా చాచాను. వేళ్లు వెనకటిలా నిటారుగా నిలబడవిప్పుడు. గోంగూర పసరు ఇంకా వదల్లేదు.

"ఆంటీ, గిది పరీక్షల వస్తదా?"

"రాదు," అన్నాను. "రెప్ప వాల్చకుండా చూడు."